పన్నెండో టిక్కెట్టు

వేముల దగ్గర ఒక పల్లెలో, తొమ్మిది మంది మీసాల మగవాళ్లు వరండాలో బాసిపట్లు వేసుకుని కూర్చుని, రెండేసి పుల్లలతో బొరుగులు ఎత్తడం నేర్చుకుంటున్నారు. బొరుగులు నోటిదాకా చేరడం లేదు. కింద కోళ్లకు మాత్రం పండగగా ఉంది.

నేర్పుతున్నది సంహిత. ప్రొద్దుటూరు హాస్టల్లో చదివే రోజుల్లో ఫోన్లో కొరియా సీరియళ్లు చూసి చూసి ఆమెకు ఆ పిచ్చి పట్టింది. అక్కడి రాజభవనాలు చూడాలి. వాళ్ల పట్టుబట్టలు కట్టుకుని ఫోటో దిగాలి. సంతవీధిలో నిలబడి, ఎర్రటి కారం పట్టించిన బియ్యప్పిండి ముద్దలు తినాలి. నాలుగేళ్లు అడిగింది. నాలుగేళ్లూ నాయన నాగభూషణం "చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దాం అన్నాడంటే లేదనే.

పోయిన నెల ఒక పొద్దున ఆయనే పిలిచాడు.

"కొరియాకు పోదాం పా పాపా. మీయమ్మ, నువ్వు, నేను. మీ చిన్నాయనోళ్లు, వాళ్ల కొడుకులు, డ్రైవరు గూడా. పదకొండు టిక్కెట్లు."

సంహిత నమ్మలేకపోయింది. కోర్టు వాయిదాలకు తప్ప ఎప్పుడో గానీ ఊరు కదలని మనిషి ఆయన. భూమి ఉన్నవాడికి వాయిదాలూ ఉంటాయి, అది వేరే సంగతి. రాగిసంగటి లేకపోతే తిన్నట్టే ఉండని ఈ మనుషులు పది రోజులు కిమ్చీ తింటారట. తలుచుకుంటేనే నవ్వొచ్చింది.

ఈ సంబరంలో కలవనిది ఒక్క అమ్మే. సీతమ్మ ప్రయాణం మాట ఎత్తితే చాలు, ఒకటే అడిగేది.

"శివకు గూడా ఒక టిక్కెట్టు తీయండి."

శివ ఆమె తమ్ముడు. జమ్మలమడుగులో ఉంటాడు. సంహితకు మొదటి కొరియా నూడిల్స్ ప్యాకెట్టు తెచ్చిచ్చింది ఆ మామే. సర్పంచి ఎన్నికల్లో బావకు ఎదుటి పక్షం చేసినప్పటి నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు. ఇప్పుడు కొరియా పుణ్యమా అని నాగభూషణమే కబురు పెట్టాడు. శివ వచ్చి, చాలా ఏళ్లకు ఆ ఇంట్లో అన్నం తిని పోయాడు.

"వానికి పాస్‌పోర్టు యాడుంది?" అన్నాడు నాగభూషణం.

"చేపిస్తే వస్తాది. అందాకా ఆగుదాం."

"తేదీలు అయిపోయినాయి సీతా. మార్చేకి కాదు."

ఆమె మూడోసారి అడిగినప్పుడు ఆయన తలెత్తి చూశాడు. తర్వాత ఆమె అడగలేదు. ముద్ద దిగక చిక్కిపోయింది. బ్రహ్మంగారిమఠం మొక్కు బాకీ ఉంది, అది తీర్చందే కడప దాటనని కూర్చుంది.

"విమానమంటే భయమా మా?" అంది సంహిత.

"విమానం ఏం చేస్తాది పాపా," అంది సీతమ్మ.

సంహితకు కోపం వచ్చింది. తమ్ముడి మీద ప్రేమ ఉండొచ్చు. కూతురి ఆశకు అడ్డం పడేంత ఉండాలా? అమ్మ కన్నా నాయనే నయం. ఆయన అప్పుడే ఫోటోల దాకా వెళ్లిపోయాడు.

"రోజుకు పది ఫోటోలు దిగల్ల. తేదీ కనపడల్ల. అందరం కనపడల్ల, ఒక్కడు గూడా తగ్గకూడదు. ఆ పొద్దువి ఆ పొద్దే ఫేస్‌బుక్‌లో పెట్టల్ల."

పైకి మొరటు గానీ నాయనకు జ్ఞాపకాలంటే ప్రాణం. ఒక పచ్చ ఫైలు ఉంది ఆయనకు. సంహిత బడిలో మూడో తరగతి చదివేటప్పుడు పోయిన కాశీ రైలు టిక్కెట్లు, పదో తరగతప్పుడు పోయిన ఊటీ హోటలు బిల్లులు అన్నీ అందులోనే. ఎవరినీ ముట్టుకోనివ్వడు. కాశీ నుంచి వచ్చాక అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదని సంహితకు లీలగా గుర్తు. బడలిక అన్నారు అప్పట్లో.

ఇంకా నాలుగు రోజులుందనగా నాగభూషణం పాస్‌పోర్టు కనపడకుండా పోయింది. ఇల్లంతా తిరగేశారు. చివరికి జొన్నల డబ్బాలో, మోచేతి లోతున సంహిత చేతికే తగిలింది. వెనక్కి తిరిగితే వంటింటి గడపలో సీతమ్మ నిలబడి ఉంది.

"ఇయ్యగాకు తల్లీ. నీకు పుణ్యముంటాది."

"నా సంతోషం నువ్వు చూడలేవు మా," అని సంహిత తీసుకెళ్లి నాయన చేతిలో పెట్టింది. యాడ దొరికిందని ఆయన అడగలేదు. భార్య వైపు ఒకసారి చూసి, అన్నానికి కూర్చున్నాడు.

బయల్దేరే రోజు సాగనంపడానికి శివ వచ్చాడు. నాగభూషణం అతన్ని గట్టిగా కావలించుకుని, బత్తాయి తోట మోటారు గది తాళంచెవి చేతిలో పెట్టాడు.

"పది దినాలు చీనీతోట నీదే శివా. ఆడనే పండుకో. చెట్లు ఎండనీయగాకు."

"నువ్వు పో బావా. నేను చూసుకుంటా."

సీతమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. కారు మూడుసార్లు హారన్ కొట్టేదాకా వదల్లేదు.

బెంగుళూరులో విమానమెక్కాక సంహిత ఫోన్‌కు శివ మామ ఫోటో పంపాడు. చీనీచెట్ల మధ్య నులకమంచం, దాని మీద తను. కింద రాశాడు: "పనోళ్లను గూడా మీ నాయన పంపించేసినాడు. ఒక్కన్నే ఉండా. నాకు ఆ కారం నూడిల్స్ తేవల్ల పాపా." సంహిత నవ్వుకుంది. జవాబు రాసేలోగా ఫోన్లు ఆపేయమన్నారు. విమానం కదిలింది.

పక్క సీట్లో నాగభూషణం అప్పుడే కునుకు తీస్తున్నాడు. ఒళ్లో పచ్చ ఫైలు, దాని మీద పదకొండు బోర్డింగ్ పాసులు. పాపం నాయన, నిద్రలేచేసరికి పాసులు అందులో పెట్టేసి ఉంచుదామని సంహిత ఫైలు మెల్లగా లాక్కుని తెరిచింది.

కాశీ టిక్కెట్ల వెనక ఒకటి, ఊటీ బిల్లుల వెనక ఒకటి కోర్టు తీర్పు నకళ్లు పిన్ను కొట్టి ఉన్నాయి, రెండింట్లోనూ ఒకే మాట ఉంది: హత్య జరిగిన రోజున నాగభూషణం గానీ, అతని మనుషులు గానీ ఊళ్లో లేరు.