కాలి తప్పు

బాలకృష్ణ పోయిన రోజు, ఇంటి ముందున్న కారు అద్దం నిండా జీడిపూత రాలి ఉంది.

ఎవరూ తుడవలేదు.

పన్నెండో రోజు దాటాక భార్య ఉషారాణే తుడిచింది. అత్త తవిటమ్మకి వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఆ పన్నెండు రోజులూ ఆటోలో తీసుకెళ్లింది. ఆ కుదుపులకి ఆవిడ సగం దారిలోనే వాంతి చేసుకునేది.

కారు పాతదే గాని, ఆటోమేటిక్. గేర్లు వాటంతటవే మారతాయి, నీకు సులువని భార్య కోసమే కొన్నాడు బాలకృష్ణ.

సులువు కాలేదు. యాక్సిలరేటర్ ఎంత మెల్లగా తొక్కినా గేరు దబ్బున పడి కారు కుదిపేసేది.

"అది కాలా, రోకలా?" అని నేర్పుతూ పక్క సీట్లో నవ్వేవాడు.

ఇప్పుడు ఉషారాణి నడుపుతుంటే తవిటమ్మ వెనక సీట్లో కళ్లు మూసుకుని, సూదులు గుచ్చే చేతిని ఒళ్లో దాచుకుంది.

"ఆటోయే నయమే అమ్మీ," అంది ఆసుపత్రి గేటు బయట దిగాక.

కారు అమ్మేద్దామనుకుంది ఉషారాణి. అమ్మేముందు ఒకసారి కాశీబుగ్గలో మెకానిక్ గున్నయ్యకి చూపించింది.

అతను బోనెట్ ఎత్తి, వేలంత ప్లగ్గు ఊడదీసి వాసన చూశాడు.

"టీచరమ్మా, దీనికి కొబ్బరినూనె ఎవులు రాసినారు?"

"ఆయనే. ఉప్పుగాలికి తుప్పు పడుతుందని."

తలుపు బందులకి, కుట్టుమిషనుకి, ఆమె సైకిల్ చైనుకి, ప్రతి ఆదివారం అదే నూనె.

"బండికి తలంటు పోసినారన్నమాట." గున్నయ్య నవ్వబోయి ఆగాడు. "నూనె లోపలికి దిగి జిగటైపోనాది. ఎంత తొక్కినారో గేరుకి సెప్పేది ఈ సెన్సారే. మెల్లగా తొక్కితే తప్పు సెప్తంది. గేరు పాపం, నమ్మేత్తంది."

"ఆయన నడిపితే ఎప్పుడూ ఇలా కాలేదు."

"గట్టిగా తొక్కేవోరేమో. గట్టిగా తొక్కినోలికి తెలీదు. మీ కాలిది తప్పు నేదమ్మా."

ఉషారాణి మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎవరికి చూపించాలో తెలియలేదు.

కొత్త సెన్సారు విశాఖ నుంచి రెండు రోజులకి వచ్చింది. రెండు మరలు, ఒక ప్లగ్గు. అరగంట పని.

"దీనికి మాత్రం ఏటీ రాయకండి," అన్నాడు గున్నయ్య.

గురువారం తవిటమ్మ ముందు సీట్లో కూర్చుంది. జీడితోటలు దాటేదాకా సీటు అంచు గట్టిగా పట్టుకునే ఉంది. గేర్లు ఎప్పుడు మారాయో ఇద్దరికీ తెలియలేదు.

"ఏటే, బండి కదల్తందా?"

"పలాస వచ్చేశాం అత్తా."

"నా కొడుకు ఇంత మెత్తగా ఎప్పుడూ తేనేదు." తవిటమ్మ సీటు అంచు వదిలి, ఆ చేతిని కోడలి భుజం మీద వేసింది.

ఆసుపత్రి ఆవరణలో వాచ్‌మన్ రెండు కార్ల మధ్య ఖాళీ చూపించాడు.

ఉషారాణి ఇంజన్ ఆపకుండా కాసేపు అటే చూసింది.

పార్కింగ్ బాలకృష్ణ ఇంకా నేర్పలేదు.