మడుగు రంగు

మడుగు ఒడ్డున కూర్చున్న ముసలామె చేతిలోంచి షిగెనో కాగితం లాక్కుంది.

కాగితం మీద మడుగు బొమ్మ ఉంది. పక్కన రకరకాల ఆకుపచ్చలు పూసి ఉన్నాయి.

"ఆనకట్టవాళ్లు పంపారా?"

ఆ మధ్యే ఇద్దరు చేపలు పట్టేవాళ్లలా వచ్చి మడుగు లోతు కొలుచుకుపోయారు మరి.

కాదంది ముసలామె. పేరు ఒరియె. ఉండేది క్యోటోలో. రంగుకో చెక్క చెక్కి బొమ్మలు అచ్చువేస్తుంది. ఈ నీటి రంగు కోసమే వచ్చిందట.

షిగెనోకి ఒళ్లు మండింది.

"ఊళ్లో పిల్లలందరం ఇందులోనే ఈత నేర్చుకున్నాం పెద్దమ్మా. ఆనకట్ట కడితే మడుగూ ఉండదు, ఊరూ ఉండదు. బొమ్మలేసుకునే వేళా ఇది? చేతనైతే వచ్చి మాతో రోడ్డుకి అడ్డంగా కూర్చో."

"అరవడం నా వల్ల కాదమ్మా. నువ్వక్కడ కూర్చో, నేనిక్కడ కూర్చుంటాను."

కాగితం కోసం చెయ్యి చాపింది. ఇచ్చేదాకా దించలేదు.

ఆమెకు ఎవరూ చోటివ్వొద్దని, టీ కూడా పొయ్యొద్దని షిగెనో ఊరంతా తిరిగి చెప్పింది. ఒరియె కింద పట్నంలో బస చేసి, రోజూ మొదటి బస్సుకే వచ్చేది. అన్నం ముద్దలు మూటగట్టుకుని, మోకాళ్లదాకా నీళ్లలో కూర్చునేది. వానొచ్చినా లేచేది కాదు.

ఎండలు తగ్గాక రావడం మానేసింది.

చలికాలం మొదట్లో బడి హాల్లో ఆఖరి సమావేశం పెట్టారు. ఏళ్ల తరబడి పోరాడి ఊరు అలిసిపోయింది. ఒప్పుదల కాగితం మీద వెయ్యడానికి సగంమంది, సంతకానికి బదులు వేసే తమ పేరు ముద్రలు జేబులో వేసుకునే వచ్చారు.

"కింది లోయలో సకనోసె ఊళ్లో ఏం జరిగిందో గుర్తులేదా?" అన్నాడు ఆనకట్ట అధికారి. "మా మొదటి ఆనకట్టకి ఊరంతా ముద్ర వేసింది. ఒక్కరూ కాదన్లేదు. మీకేమొచ్చింది?"

అప్పుడే ఓ అమ్మాయి కాగితపు చుట్ట పట్టుకుని లోపలికొచ్చింది. పేరు చిజు అనీ, ఒరియె మేనకోడలిననీ చెప్పుకుంది. అత్త దీన్ని ఈ ఊరికి ఇమ్మందట.

షిగెనో విప్పింది.

పచ్చటి నీళ్లు. బండ. దాని మీద పిల్లల గుంపు. చేతులు బార్లా చాపి గాలిలోకి దూకిన ఎర్ర గుడ్డల పిల్ల.

"ఆ వెనకున్నది నేనే," అన్నాడో తాత.

"నీ నెత్తిన అంత జుట్టు ఎప్పుడుందయ్యా?" అంది ఆయన భార్య.

చాన్నాళ్లకి ఊరు నవ్వింది.

షిగెనో ఆ బొమ్మని తీసుకెళ్లి, అధికారి బల్ల మీద కాగితాలన్నీ కప్పేలా పరిచింది.

"తీయండమ్మా," అన్నాడాయన.

"తియ్యను. ముద్రలు దీని మీద వేయించుకోగలిగితే వేయించుకోండి."

ఒక్క చెయ్యీ జేబులోకి వెళ్లలేదు. అధికారులు ఉత్త కాగితాలతోనే బండెక్కారు.

హాలు ఖాళీ అయ్యాక షిగెనో అడిగింది. "మీ అత్త ఏదమ్మా? నేనావిడకి మంచినీళ్లయినా ఇవ్వలేదు."

ఆఖరి రంగు అచ్చువేసిన వారానికి అత్త కన్నుమూసిందని చెప్పింది చిజు.

షిగెనో బొమ్మ మీదికి వంగి, బండని వేలితో తడిమింది. "మా బండ మీద దేవదారు చెట్టుంది. ఇందులో లేదే?" అంది.

"ఇది మీ మడుగు కాదండీ. మాది మొదటి ఆనకట్ట నీళ్లలో మునిగిపోయింది. అందుకని అత్త రంగొక్కటే మీ దగ్గర తీసుకుంది. ఆ ఎగిరే పిల్ల మా అత్తే."

సకనోసెలో ముద్ర వెయ్యనని మొండికేసి, నీళ్లు చూరుదాకా వచ్చినా ఇంటికప్పు దిగకపోతే, పోలీసులు పడవలోకి మోసుకెళ్లాల్సి వచ్చిన ఒకే ఒక్క మనిషి ఒరియె.