రెండో కత్తెర

"మన దగ్గర అట్లాంటివి ఉండవమ్మా. కమిటీ అదే అంటోంది." ఫోన్‌లో గైడు దివాకర్ సార్ గొంతు నీరసంగా ఉంది. "మీ వైపు అట్లాంటి దయ్యం కథ ఒక్కటి, ఎవరైనా నోటితో చెప్పింది, సాయంత్రం ఐదింటిలోగా పంపు. లేదంటే టాపిక్ మార్చుకో. నవలల్లో ప్రకృతి వర్ణన మీద చేద్దువుగాని."

"ఐదేళ్లయింది సార్..."

సార్ పెట్టేశారు.

కోరుట్లలో తమ ఇంటి అరుగు మీద బాలలక్ష్మి ఫోన్ పట్టుకుని అలాగే కూర్చుంది. ఆమె హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. పాడుబడ్డ కోటలు, దయ్యాలు ఉండే పాత ఇంగ్లిషు నవలల్లో ఆడవాళ్లనూ మగవాళ్లనూ ఇద్దరినీ ప్రేమించే మనుషుల మీద పరిశోధన. ఇంట్లో మాత్రం 'దయ్యాల కథల మీద చదువు' అని సగమే చెప్పింది. ఆ సగానికే వాడకట్టంతా నవ్వింది. అసలే పాతకాలం పేరు. "మీ ముత్తవ్వ పేరా?" అని హాస్టల్లో ఏడిపించేవాళ్లు. తమ్ముడికి అరుణ్ అని పెట్టి తనకిదేం పేరని అడిగితే, అమ్మ "మంచిగనే ఉన్నది గద" అని ఊరుకునేది. అందరూ లచ్చి అని కోసేసినా అమ్మ మాత్రం ఆ పేరును ఏనాడూ కోయలేదు.

పొద్దున ఆ ఫోన్ వచ్చింది మొదలు బీడీలు చుట్టే ఆడవాళ్ల ఇళ్లన్నీ తిరిగింది. పక్కింటి బుచ్చవ్వ, ఉప్పు అడిగిన దయ్యం కథ చెప్పింది.

"ప్రేమ ముచ్చట ఏం లేదా అవ్వా?"

"దయ్యానికి ప్రేమేందే పిల్లా! ఉప్పు దొర్కితే సాలు దానికి."

తిరిగి అరుగు మీదికి వచ్చేసరికి నాలుగు దాటింది. ఇంక ఎవరిని అడగాలో తోచలేదు. ఏడుపు ఒక్కటే తక్కువ.

తండ్రి గంగయ్య సైకిల్ దిగాడు. తాటిచెట్లు గీసి కల్లు తీసే మనిషి, మాట తక్కువ. "జగిత్యాల పోయి రెండూ సాన పట్టించుకచ్చిన," అంటూ అరుగు మీద బీడీలు చుడుతున్న భార్య సత్తవ్వకు రెండు కత్తెరలు ఇచ్చి, వాకిట్లో సైకిల్‌కు గాలి కొట్టడం మొదలుపెట్టాడు. సత్తవ్వ ఒకదానితో బీడీలు చుట్టే తునికాకు కోయడం మొదలుపెట్టింది. రెండోదాన్ని పాత గుడ్డలో చుట్టి చాటలో ఓ మూల పెట్టుకుంది. ఆ రెండో కత్తెరతో ఎవరైనా ఆకు కోయగా బాలలక్ష్మి ఏనాడూ చూడలేదు. దానికి సాన మాత్రం తప్పదు.

"ఏమైంది బాలలక్ష్మీ, మొకం గట్ల పెట్టినవ్?"

"నా చదువు పోయేటట్టున్నదమ్మా."

ఇక దాచి లాభం లేదనిపించింది. "నేను సదివేది ఒట్టి దయ్యాల మీద కాదు. ఒకామెకు మొగని మీద ప్రేముంటది. ఇంకో ఆడామె మీద గూడ గట్లనే ఉంటది. రెండూ నిజమే. నవలలల్ల గసొంటోళ్లను దయ్యాలను చేసి రాసిండ్రు. ఎందుకు రాసిండ్రనేదే నా చదువు. గసొంటివి మన దిక్కు ఉండయంటున్నరు."

తిడుతుందనుకుంది. సత్తవ్వ చేతిలో చుడుతున్న బీడీ విచ్చుకుపోయింది. రోజుకు వెయ్యి చుట్టే చేయి అది.

"ఒకటున్నది. రాసుకో," అంది.

బాలలక్ష్మి గబగబా ఫోన్‌లో రికార్డింగ్ పెట్టింది.

"రాయికల్ ఊర్ల ఇద్దరు ఆడివిల్లలు. ఒక్క సాప మీద కూసుండి బీడీలు చేసేటోళ్లు. ఒకామె ఆకు కోస్తే ఇంకోమె చుట్టేది. ఒకలను ఇడిసి ఒకలు ఉండకపోయేటోళ్లు."

"దోస్తులా?"

"దోస్తులే. గంతకంటె పెద్ద మాట మాకు ఎర్క లేకుండె. ఆకు కోసేటామెను సిరిసిల్లకిచ్చిండ్రు. మొదటి కాన్పుల పోయింది. ఇంకోమెకు లగ్గమైంది. మొగడు మంచోడు. ఆయనంటే పానం ఆమెకు. కాని పొద్దంత ఎదురుంగ ఖాళీ పీటేసి, పోయినామెతోని ముచ్చట పెట్టేది. దయ్యం పట్టిందని యాప మండలతోని కొట్టిచ్చిండ్రు. మొగడు గావాల్నా, అది గావాల్నా అని అడిగిండ్రు."

"ఏమన్నది?"

"బీడీ సుట్టెటందుకు ఏ చెయ్యి గావాలంటె ఏం చెప్పాలె అన్నది."

"మొగడేమన్నడు?"

"యాప మండ గుంజుకోని ఇరగ్గొట్టిండు. గా దయ్యం గూడ మా ఇంట్లనే ఉండనియ్యిండ్రి అన్నడు."

వాకిట్లో గాలి పంపు చప్పుడు ఆగింది.

బాలలక్ష్మికి ప్రాణం లేచొచ్చింది. కమిటీ నోరు మూయించే కథ ఇంట్లోనే దొరికింది! "మరి దయ్యం ఎట్ల పోయిందమ్మా?"

"ఏడాదికి ఆమెకు ఆడివిల్ల పుట్టింది. మూడు దినాలు ఏడుపు ఆపలే. పోయినోళ్లు ఎవలన్న తిరిగచ్చిండ్రేమోనని, పెద్దోళ్ల పేర్లన్ని ఒక్కొక్కటే పిల్ల సెవుల చెప్పిండ్రు. ఏ పేరుకూ ఆగలే. అప్పుడామె తన దోస్తు పేరు చెప్పింది. పిల్ల గప్‌చుప్. గా పేరే పెట్టిండ్రు. ఇగ ఆమె పీట తీసేసింది."

టైం చూస్తే ఐదుకు పది నిమిషాలుంది. బాలలక్ష్మి ఫోన్‌లోనే ఫారం నింపింది. చెప్పినవారు: సత్తవ్వ. ఊరు: కోరుట్ల. దయ్యం పేరు దగ్గర వేలు ఆగింది.

"గా పోయినామె పేరేందమ్మా?"

"రాయకుంటె నడవదా?"

"నడవదు. కథ పుట్టిచ్చినమంటరు."

"రాస్తె అందరు సదువుతరా?"

"సదువుతరు."

"రాస్తెనే నీ సదువు నిలవడ్తది?"

"అవునమ్మా. నాకింకో తొవ్వ లేదు. జల్ది చెప్పు."

సత్తవ్వ వాకిట్లోకి చూసింది. గంగయ్య తల వంచుకుని సైకిల్ చక్రం పట్టుకుని కూర్చున్నాడు. ఆమె చేయి చాటలోని గుడ్డ మూట మీదికి పోయి, అక్కడే ఉండిపోయింది.

"ఐదు నిమిషాలే ఉన్నదమ్మా. గా పేరు యాదికి లేదా?"

"రోజు పిలుస్తనే ఉన్న గద, బాలలక్ష్మీ."