మీసం మీద పందెం

చిన్న డాక్టరమ్మ గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టి ఊపిరి బిగబట్టింది. గోధుమరంగు తేలితే మీసం ఆమెది. తేలకపోతే పరువు గంగపాలు.

మీసం పెద్ద డాక్టరుగారిది. ఆయనకంటే ముందు ఆ మీసమే ల్యాబ్‌లోకి వస్తుందని నర్సులు చాటుగా నవ్వుకుంటారు.

నాలుగు రోజుల కిందట ఈ కేసు తెచ్చింది ఆయనే. నలభై రెండేళ్ల మగమనిషి, ఛాతీ మధ్యలో బత్తాయంత గడ్డ, సూది గుచ్చి తీసిన దారప్పోగులాంటి ముక్క. ఆ ల్యాబ్‌లో పలకల మీద నంబర్లే తప్ప పేర్లుండవు. పేషెంటు ఎలాంటివాడని ఆమె అడిగింది. శుద్ధ మొండిఘటమని, మూడు నెలలుగా దగ్గుతూ సిరప్పులతో సరిపెట్టుకున్నాడని, ఇంట్లో ముక్క కూడా చెప్పని ఘనుడని ఆయన తిట్టిపోశాడు.

"ఇది చెడ్డ క్యాన్సరే. ఏడాది గడిస్తే గొప్ప" అని తేల్చేశాడు.

ఆమె ఒప్పుకోలేదు. ఇది బీజకణాల గడ్డ అంది. పిండంగా ఉన్నప్పుడే దారితప్పి ఛాతీలో చిక్కుకుపోయిన కణాల వల్ల, ఏ లక్షమందిలోనో ఒకరికి వస్తుంది. మందుకు బాగా లొంగుతుంది. నాలుగు విడతలు ఎక్కిస్తే మనిషి లేచి తిరుగుతాడు. రంగు పరీక్ష చేస్తే ఆ కణాలు గోధుమరంగుకు తిరుగుతాయని, దాంతో తేలిపోతుందని పట్టుబట్టింది.

"నీ మాట నిజమైతే మీసం తీసేస్తా" అన్నాడాయన.

"మీరు గెలిస్తే, సార్?"

"నేను గెలిస్తే ఏమీ వద్దులే."

ఇప్పుడామె ఫోకస్ తిప్పింది. గోధుమరంగు చుక్కలు. ఒకటి కాదు, రెండు కాదు, వందలు. కుర్చీ వెనక్కి పడిపోయింది. చదువూ హోదా మర్చిపోయి గంతులేస్తూ, పలక పట్టుకుని కారిడార్లో పరుగుతీసింది.

పెద్ద డాక్టరు తన మైక్రోస్కోపులోంచి చాలాసేపు కన్ను తీయలేదు. తీశాక, ఆమె రెండు చేతులూ పట్టుకుని టేబులు చుట్టూ గిరగిరా తిప్పాడు. టెక్నీషియన్ దగ్గర కత్తెర లాక్కుని, అద్దమైనా చూసుకోకుండా సగం మీసం కత్తిరించేశాడు. ఓడిపోయి ఇంత సంబరపడే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు. నవ్వలేక పొట్ట పట్టుకుని కూలబడింది.

మిగతా సగం అలాగే వదిలేసి ఆయన భార్యకు ఫోను చేశాడు.

"కోప్పడకుండా విను, నీకు చెప్పకుండా పోయినవారం ఛాతీలో సూది గుచ్చించుకున్నాను, భయం లేదు, నేను బతుకుతానట."