సాకేత్ సారు పేషెంటు

"శ్రావణమ్మ లేదా?"

కుర్చీ ఖాళీగానే ఉంది. పక్కనే సాకేత్ రావు గ్లవ్స్ తొడుక్కుని నిలబడి ఉన్నాడు. అయినా ఆ బీడీలు చేసే ఆమె అతన్ని ఎగాదిగా చూసి, పోయి గోడవార బెంచీ మీద కూర్చుంది.

"నేను చూస్త, రా."

"వద్దు సారూ. గామె అచ్చేదాక కూసుంట."

సాకేత్ గ్లవ్స్ ఊడబీకి బుట్టలో విసిరేశాడు.

ఆ డెంటల్ కాలేజీలో ఇది రోజూ ఉండే ముచ్చటే. ఏముందట తనతో చదివే ఆ సిరిసిల్ల శ్రావణిలో? అందరికంటే ముందొస్తుంది. తన పరికరాలు తనే కడుక్కుంటుంది. పన్ను పీకిన మర్నాడు ఫోన్ చేసి "నొప్పి తగ్గిందా అవ్వా?" అని అడుగుతుంది. అదీ ఒక విద్యేనా!

"మందిని బుట్టల వేసుకునుడు మస్తు నేర్చింది," అన్నాడు స్నేహితుడు విశ్వజిత్‌తో.

కోరుట్లలో సాకేత్ తండ్రి మాధవరావు కొడుకు క్లినిక్ కోసం సెంటర్లో జాగా కూడా చూసి పెట్టాడు. బోర్డు మీద పేరు రాయించడం ఎంతసేపు? ఆ పేరు అడుగుతూ ఒక్కరైనా రావాలి కదా!

దానికి తోడు ఫైనల్ పరీక్ష నెత్తిమీదికొచ్చింది. పళ్ళన్నీ ఊడిన మనిషిని ఒకరిని వెతుక్కుని, వాయిదా వాయిదాకూ పిలిపించి, కట్టుడు పళ్ళ సెట్టు చేసి, ఎగ్జామినర్ ముందు నోట్లో పెట్టి చూపించాలి.

"ఎవరి పేషెంట్‌ను వాళ్ళే తెచ్చుకోవాలె," ప్రొఫెసర్ ప్రమీల మేడం ఖరాఖండిగా చెప్పింది. "ఒకరికొకరు పంపుకున్నరని తెలిస్తే ఆ కేసు క్యాన్సిల్. ఒకరి పేషెంట్‌ను ఇంకొకరు గుంజుకుంటే పరీక్షకే కూసోనియ్య. మనుషులతోటి మాట్లాడుడు రానోళ్ళు పండ్ల డాక్టరై ఏం లాభం?"

సాకేత్ ఎలాగో గంగారాం అనే ముసలాయన్ని పట్టుకొచ్చాడు. దవడ అచ్చు తీస్తుంటే వాంతి వచ్చినట్టయి ఆయన తల తిప్పాడు.

"కదలకంటే సమజైతలేదా!"

గంగారాం మూతి తుడుచుకున్నాడు. కండువా భుజాన వేసుకున్నాడు. పోయినవాడు మళ్ళీ రాలేదు.

అదంతా శ్రావణి చూసింది. సాకేత్‌కు అది ఇంకా మంట.

ఆ తర్వాతి సోమవారం బోసినోటి ముసలామె ఒకామె హాల్లోకి వచ్చి నిలబడింది.

"సాకేత్ రావు సారు ఎవలు?"

హాలంతా తిరిగి చూసింది.

"నేనే. నా కోసమా?"

"నీకోసమే సారూ. నా పేరు బాలవ్వ. సారంగాపూర్ నుంచి అచ్చిన. నీతోనే పండ్లు కట్టిచ్చుకుంట."

సాకేత్‌కు చెప్పలేనంత సంతోషం. ఆ రోజు స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తన పేరు అడుగుతూ వచ్చిన మనిషిని ఎట్లా కసురుకుంటాడు?

ఆమె వచ్చే రోజున పొద్దున్నే వచ్చి అన్నీ సర్దుకునేవాడు. దవడ సలుపుతోందంటే మర్నాడు తనే ఫోన్ చేశాడు. రానురాను మిగతా పేషెంట్ల దగ్గర కూడా గొంతు తగ్గింది. ఇన్నాళ్ళకు ఈ చదువు మీద ఇష్టం పుట్టింది.

"చూసినవా? నన్ను గూడ పేరువెట్టి అడుగుతున్నరు," అని విశ్వజిత్ ముందు మీసం మెలేశాడు.

ఒక సాయంత్రం బస్టాపు దగ్గర శ్రావణి కనిపించింది. బాలవ్వ గడ్డం పట్టుకుని, నోరు తెరిపించి చూస్తోంది. ఇద్దరూ పకపకా నవ్వుకుంటున్నారు.

సాకేత్ కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. అందరూ ఆమెకే కావాలా? ఈ ఒక్క ముసలామెను కూడా వదలదా?

మరుసటి వాయిదాకు బాలవ్వను అడిగాడు.

"అవ్వా, గా శ్రావణి నీతోటి ఏం మాట్లాడింది?"

"ఏం లేదు సారూ, ఊకెనే." బాలవ్వ మొహం తిప్పుకుంది.

ఇంకేం, దొంగ దొరికినట్టే! సాకేత్ తిన్నగా మేడం గదికి నడిచాడు.

"శ్రావణి నా పేషెంట్‌ను గుంజుకుంటున్నది మేడం. నా కండ్లతోటి చూసిన."

మేడం శ్రావణిని పిలిపించింది.

"బాలవ్వ సాకేత్ పేషెంటని నీకు ఎరుకేనా?"

"ఎరుకే మేడం."

"మరి ఆమెతోటి నీకేం పని?"

శ్రావణి సాకేత్ వైపు ఒకసారి చూసింది. తల దించుకుంది.

"తప్పయింది మేడం."

"ఇంకేమన్న చెప్పేదుందా?"

"లేదు మేడం."

శ్రావణిని ఆ పరీక్షకు కూర్చోనివ్వలేదు. మళ్ళీ పరీక్ష ఆరు నెలలకు. బ్యాగు సర్దుకుని సిరిసిల్ల బస్సెక్కింది. పీడ విరగడైందని సాకేత్ ఆ పూట కడుపు నిండా తిన్నాడు.

పరీక్ష రోజు బాలవ్వ చెప్పిన వేళకంటే ముందే వచ్చింది. ఎగ్జామినర్ సెట్టు పెట్టించి చూశాడు, ఆమెతో మాట్లాడించాడు.

"పని బాగుంది. పేషెంటుతో నీ పద్ధతి ఇంకా బాగుంది," అన్నాడు.

సాకేత్ కాళ్ళు నేల మీద ఆనలేదు. బాలవ్వను బయటికి తీసుకొచ్చి చాయ్ ఇప్పించాడు.

"అవ్వా, అంతమంది డాక్టర్లుండంగ నా పేరు నీకు ఎవలు చెప్పిండ్రు?"

బాలవ్వ అటూ ఇటూ చూసింది.

"పరీక్ష ఒడిసెగా, ఇగ చెప్పచ్చు. అయ్యేదాక ఎవలకు చెప్పద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నది. 'గా పిలగాని చెయ్యి మంచిది, నోరే జర గరం. ఎవలన్న నమ్మి పోతే మంచి డాక్టరైతడు, నువ్వు పో' అన్నది."

"ఎవలు అవ్వా?"

బాలవ్వ కొత్త పళ్ళతో నోటి నిండా నవ్వింది.

"ఇంకెవలు సారూ, మా శ్రావణి, నా బిడ్డ బిడ్డ… పొద్దటి సంది కండ్లవడలేదు గని, అది గూడ పరీక్ష మంచిగ రాసిందా?"