నీళ్లు కలపని పాలు

చాంద్ పాషా మటన్ దుకాణం కాలనీలో ఉండాలా, ఎత్తేయాలా? ఆ సాయంత్రంతో తేలిపోవాలి.

తేల్చాల్సినవాడు సదయ్య. బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్. ఆలుమగల గొడవ దగ్గర్నుంచి నల్లా దగ్గర బిందెల గొడవ దాకా కాలనీలో ఆయన మాటే మాట. తేల్చాల్సిందేనని పట్టుబట్టినవాడు రాయమల్లు. ల్యాంపు రూంలో డ్యూటీ, క్వార్టర్ వెనక రేకుల కొట్టంలో ఒక పాడిబర్రె, మెడలో తులసిపూసలు. ఆ పూసలు వేసుకున్నప్పటి నుంచి ముక్క ముట్టలేదు. అంతవరకు మంచిదే. ఎదుటివాడి కంచంలోకి తొంగిచూడటం కూడా అప్పుడే మొదలుపెట్టాడు.

గోదావరిఖనిలో ఆ కాలనీ కట్టినప్పటి నుంచి చాంద్ పాషా దుకాణం ఉంది. ఆదివారం దాని ముందు నిలబడి ఇంకో కార్జం ముక్క వెయ్యమని పోరేవాళ్లే, సోమవారం రాయమల్లు నీతులకు తలలు ఊపేవాళ్లు. ఊపక ఏం చేస్తారు? ప్యాకెట్ పాలు ఇంకా కాలనీ దాకా రాని రోజులవి. నీళ్లు కలపకుండా పాలు పోసేది రాయమల్లు ఒక్కడే. ఆ దుకాణంలో మాంసం కొన్న ఇంటికి చుక్క కూడా పొయ్యనని కట్టడి పెట్టాడు. పసిపిల్లలున్న ఇళ్లన్నీ గప్‌చుప్‌గా అతని వైపు చేరిపోయాయి.

చాంద్ పాషా ఇంటికి అందరికంటే ముందే పాలు బందయ్యాయి. కూతురు సుగ్రా తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆమెకు పాలు పడలేదు. డబ్బాపాలు బిడ్డకు సరిపడలేదు. బయట కొన్నవి సగం నీళ్లే. దవాఖాన చుట్టూ తిరగడమే మిగిలింది. నాలుగిళ్లకు వినపడేలా ఏడ్చే పసిగుడ్డు ఇప్పుడు పక్కగదిలోకి కూడా వినపడటం లేదు. చాంద్ పాషా సదయ్యను బతిమాలి, రాయమల్లుకు ఒక మాట చెప్పమని వెంటబెట్టుకొచ్చాడు.

వాళ్లు వచ్చేసరికి రాయమల్లు పాలు పిండటానికి కూర్చుంటున్నాడు.

"ఆడనే ఉండుండ్రి కాకా. కొత్త మనుషులను జూస్తే బర్రె పాలియ్యది."

ఇద్దరూ కొట్టం బయటే ఆగారు. ఇళ్ల ముందు బొగ్గు పొయ్యిలు రాజేసే వేళ. కొట్టంలో దోమల కోసం పెట్టిన పిడకల పొగ వేరే. ఆ మసకలో బర్రె, దాని మూతి దగ్గర దుడ్డె కనిపించాయి. బర్రె దుడ్డెను నాకుతోంది. వీపు, మెడ, చెవులు, మళ్లీ వీపు. దుడ్డె బుద్ధిగా నాకించుకుంటోంది. రాయమల్లు తడిచేత్తో దాని వీపు నిమిరి, పొదుగు కింద చెంబు పెట్టాడు. పాలు ధారగా పడ్డాయి.

సదయ్య అప్పుడే సగం కరిగిపోయాడు. బతుకంతా బాయి చీకట్లో గడిపిన మనిషి. తల్లీబిడ్డల ముద్దు చూస్తూ అలా నిలబడిపోయాడు.

చాంద్ పాషా జీవాల మధ్య పుట్టి పెరిగినవాడు. ఆ గడ్డు పరిస్థితిలో కూడా నోరు ఊరుకోలేదు.

"దుడ్డెకు ఇడిచినవా అన్న?"

"దాని కడుపు నిండినంకనే నేను చెంబు పడుత," అన్నాడు రాయమల్లు. "సూస్తలేవా, ఎంత నిమ్మళంగున్నదో. ఆకలైతే ఊకుంటదా?"

ఆ తర్వాత పాలు పిండుతూనే నోరులేని జీవాల గురించి, పాపం గురించి, పై లోకంలో పడే శిక్షల గురించి చాలా చెప్పాడు. ఆఖరున మెడ తిప్పి చాంద్ పాషాను చూశాడు.

"తల్లి ముంగట పిల్లను కోసే చెయ్యి నీది. గా చేతిల నా బర్రె పాలు ఎట్ల పోస్త, నువ్వే చెప్పు."

చాంద్ పాషా దగ్గర జవాబు ఉంది. మొండికత్తి ఏనాడూ పట్టలేదు. ఒక జీవం చూస్తుండగా ఇంకోదాన్ని కొయ్యలేదు. అదంతా చెప్పుకుందామనే వచ్చాడు. కానీ ఎదురుగా ఆ బర్రె అదేపనిగా నాకుతోంది. దాన్ని చూస్తూ ఆ మాటలు చెప్పడానికి అతనికే సిగ్గేసింది.

సదయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయనా ఆదివారం ముక్క లేనిదే ముద్ద దిగనివాడే. అయినా తీర్పు అటే ఒరిగింది.

"దుకాణం తీసెయ్యి పాషా. మనుమని పాణం కన్న ఎక్కువనా?"

"తీసేస్తనే," అన్నాడు చాంద్ పాషా. రేపు తెల్లారేసరికి రేకులు, కర్రలు, మొద్దు ఏవీ ఉండవన్నాడు. బసంత్‌నగర్ పోయి సిమెంటు బస్తాలు మోసుకుంటానన్నాడు. ఆ వయసులో బస్తా లేస్తుందా అని ఎవరూ అడగలేదు.

రాయమల్లు ముఖం విప్పారింది. గెలిచినవాడికి దయ పొంగుకొస్తుంది మరి. చాంద్ పాషా గిన్నె తనే అందుకుని అంచుదాకా నింపాడు. కొసరు కూడా పోశాడు. రేపటి నుంచి పొద్దున ఒక గిన్నె, సాయంత్రం ఒక గిన్నె తీసుకుపొమ్మన్నాడు. ఇంత ధర్మాత్ముడు కాలనీలో ఉన్నందుకు సదయ్య కళ్లొత్తుకున్నాడు.

చాంద్ పాషా గిన్నెను రెండు చేతులా పొదివిపట్టుకున్నాడు. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, దుడ్డె వైపు చూశాడు.

"నీ పాలు మా పోరనికి తీస్కపోతున్న బిడ్డా. సల్లగ బతుకు."

వాళ్లిద్దరూ సందు మలుపు తిరిగాక, రాయమల్లు దుడ్డెను మెడ పట్టి ఒంటిచేత్తో పైకెత్తి, పొట్ట దగ్గర తోలు కుట్లు ఊడి బయటికొచ్చిన వరిగడ్డిని వేలితో లోపలికి కుక్కి, పొద్దున పాలు పిండే దాకా ఎలుకలు కొరకకుండా దూలానికి తగిలించాడు.