కథలో అత్త

"ఈ కథలో అత్త ఎవరు?" అని అడిగింది అత్తగారు, ఎర్ర పెన్ను మూత తీస్తూ.

"ఎవరూ కాదత్తయ్యా! ఊరికే... కల్పించి రాశాను" అంది కోడలు.

అత్తగారు ముప్ఫై ఏళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. కోడలికేమో వచ్చే సోమవారం కళ్ల ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అడిగేదంతా ఇంగ్లీషులోనే. "గ్రామరు పుస్తకం బట్టీ పడితే భాష రాదమ్మాయ్! రోజుకో చిన్న కథ రాయి. ఇళ్లల్లో జరిగే విషయాలే రాయి. కొత్త మాటలు ఐదైనా ఉండాలి" అని అత్తగారే పురమాయించింది.

మొదటి కథ ఇదే. ఇందులో అత్త టీవీ రిమోటును దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. ఇంట్లో ఇంకెవరికీ దొరకనివ్వదు.

అత్తగారు కథంతా చదివింది. రెండు క్రియలు సరిచేసింది, ఒక స్పెల్లింగు దిద్దింది, పదికి నాలుగు వేసింది. కథలోని అత్త గురించి మాత్రం పల్లెత్తు మాట అనలేదు.

మర్నాడు పొద్దున రిమోటు టీవీ పక్కన ఉంది.

కోడలు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఆ సాయంత్రం రాసిన కథలో అత్త, కోడలిచ్చిన కాఫీ తాగినప్పుడల్లా "నీళ్లలా ఉంది" అంటుంది. పదికి ఐదు వచ్చాయి. మర్నాడు అత్తగారు కాఫీ తాగి, కిక్కురుమనకుండా గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్లింది.

దాంతో కోడలికి ధైర్యం వచ్చేసింది. గురువారం కథలో అత్త ఇంటిల్లిపాది బట్టలూ మడతపెట్టింది. శుక్రవారం చూస్తే మంచం నిండా మడతల దొంతరలే. కోడలి మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పని నుంచి వచ్చి, తన చొక్కాలన్నీ కాలర్లు ఒకే వైపుకి ఉండేలా పేర్చి ఉండటం చూసి, అమ్మకి ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డాడు.

"ఆవిడకేం, నిక్షేపంలా ఉన్నారు. మనం అడగాల్సిన అసలు సంగతి మీరే అడగండి" అంది కోడలు.

అసలు సంగతి రెండేళ్ల పాప. ఉద్యోగమొస్తే పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా పిల్లను ఎవరు చూస్తారు? అత్తగారు రిటైరైన రోజే అందరికీ వినబడేలా చెప్పేసింది, "ముప్ఫై ఏళ్లు పిల్లలతో వేగాను. ఇక నా వల్ల కాదు" అని.

"అమ్మో, నేనా! పదో తరగతిలో నన్ను బెంచీ ఎక్కించిన మనిషి ఆవిడ. నువ్వే అడుగు" అని మొగుడు చేతులు దులిపేసుకున్నాడు.

"నాకు నోరు రాదండీ. కాదంటే ఇక ఇంటర్వ్యూకి వెళ్లి ఏం లాభం? పిల్లను చంకనేసుకుని రిసెప్షన్లో కూర్చోనిస్తారా?"

"నోరు రాకపోతేనేం, కథలు రాస్తున్నావుగా!"

అతను వేళాకోళానికి అన్నాడు. కోడలు ఆ మాటే పట్టుకుంది.

శనివారం నాలుగు కాగితాలు చింపాక ఒక కథ కుదిరింది. చాలా చిన్న కథ. కోడలికి ఉద్యోగమొస్తుంది. అడగాలంటే భయమేసి వంటింట్లో నిలబడి ఉంటుంది. అత్త తనంతట తనే వచ్చి, "నువ్వు నిశ్చింతగా వెళ్లమ్మా, పాపను నేను చూసుకుంటాను" అంటుంది. 'నిశ్చింత'కి ఇంగ్లీషు మాట కోసం డిక్షనరీ మొత్తం తిరగేసింది.

నోటుబుక్కు అత్తగారి బల్ల మీద పెట్టి, పాపకి స్నానం చేయించే నెపంతో బాత్‌రూములో దూరింది. తలుపు సందులోంచి చూస్తే అత్తగారు కథ చదువుతోంది. ఒకసారి చదివింది. అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. టబ్బులో పాప కేరింతలు వినిపిస్తున్న వైపు ఓ చూపు చూసింది. తర్వాత కాగితం చివర ఏదో రాసి, పుస్తకం మూసి, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయింది.

కోడలు పాపను తువ్వాలులో చుట్టి, తడి చేతుల్తోనే పరుగెత్తుకొచ్చి పుస్తకం తెరిచింది.

పదికి సున్నా.

ఇంత పెద్ద సున్నా. ఎందుకు రాశానా అని తనను తాను తిట్టుకుంది. ఇన్నాళ్లకి ఇద్దరి మధ్యా కాస్త చనువు ఏర్పడుతుంటే చేజేతులా పాడుచేసుకున్నాననుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పాప ఆ తడి మొహాన్ని తువ్వాలు కొసతో తుడవబోయింది.

అప్పుడు గమనించింది కోడలు. కథలో ఎక్కడా ఎర్ర సిరా లేదు. ఒక్క తప్పూ దిద్దలేదు.

మరి సున్నా దేనికి?

సున్నా కింద ఇంగ్లీషులో రెండు ముక్కలున్నాయి. అత్తగారు నేర్పినట్టే మాట మాటకీ కింద వేలు పెట్టుకుంటూ, పైకి చదువుతూ, అర్థం కూడబలుక్కుంది.

"నేను కథ రాయమన్నాను. నువ్వు జరగబోయేది రాశావు."